తెల్లకొండ మీద ఫిర్యాదులు

మే నెల మధ్యాహ్నం విశాఖపట్నం బీచ్ రోడ్డులో ముంజెలు అమ్మేవాళ్ల పక్కనే ఉన్ని స్వెట్టర్లు అద్దెకిచ్చేవాళ్లు కూర్చుంటారని యాభై ఏళ్ల క్రితం ఎవరైనా చెబితే జనం నవ్వి ఉండేవారు. 2079 నాటికి అది ఎవరూ తల తిప్పి చూడని సంగతి. ఒక చేత్తో మెడమీది చెమట తుడుచుకుంటూ, రెండో చేతిమీద స్వెట్టర్ వేసుకుని కుటుంబాలకు కుటుంబాలు భీమిలి మెట్రో ఎక్కేవి. రైలు రుషికొండ దాటిందంటే ఎడమవైపు కిటికీల దగ్గర పిల్లలు గుమిగూడేవారు. కాసేపటికి తెల్లకొండ కనిపించేది. కింద కొబ్బరిచెట్లు, వాటి పైన ఎర్రమట్టి, ఆ పైన మంచు.

ఒకప్పుడు దాన్ని నల్లరాతి కొండ అనేవారు. క్వారీలవాళ్లు సగం తవ్వుకుపోయి వదిలేసిన బోడికొండ. దానిమీద మంచు కురిపించిన మనిషి డాక్టర్ మైలపల్లి పైడిరత్నం.

పైడిరత్నం పెదజాలారిపేటలో రేకుల ఇంట్లో పుట్టింది. ఆమెకు తొమ్మిదేళ్లున్నప్పుడు వచ్చిన ఎండల్లో వాళ్ల వీధిలో నలుగురు వడదెబ్బకు పోయారు. సముద్రం గుమ్మం ముందే ఉండగా మనుషులు వేడికి ఎలా చచ్చిపోతారని ఆ పిల్ల అడిగితే ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ ప్రశ్నే ఆమెను భౌతికశాస్త్రం వైపు నడిపించింది.

ఆమె కనిపెట్టినదాని పేరు నింగిపొర. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాలను వదులుతూ ఉంటుంది. వాటిలో చాలా భాగాన్ని గాలిలోని తేమ పట్టుకుని మళ్లీ మన మీదికే పంపిస్తుంది. కానీ కొన్ని తరంగాలను మాత్రం గాలి ఆపలేదు. అవి తిన్నగా అంతరిక్షంలోకి పోతాయి. ఆ దారిని శాస్త్రజ్ఞులు ఆకాశపు కిటికీ అంటారు. ఎడారుల్లో ఆ కిటికీ బార్లా తెరుచుకుని ఉంటుంది. విశాఖ లాంటి చోట దానికి ఎప్పుడూ ఆవిరి పట్టి ఉంటుంది. ఆ ఆవిరిలో కూడా మూసుకుపోని సన్నటి సందులను పైడిరత్నం వెతికి పట్టుకుంది. సరిగ్గా ఆ సందుల్లోంచే వేడిని బయటికి తోసే పొరను తయారుచేసింది.

ఆ పొరను అరచేతంత రేకులుగా కోసి కొండనిండా నాటారు. ప్రతి రేకూ కాడమీద ఆకులా తిరుగుతుంది. ఆకాశం వైపు తిరిగితే దాని చుట్టూ గాలి గడ్డకట్టేంత చల్లబడుతుంది. బోర్లా తిరిగితే ఆ పని ఆగిపోతుంది. సముద్రం మీంచి వచ్చిన తడిగాలి ఆ రేకుల మీదుగా పోతూ మండువేసవిలో కూడా మంచై రాలేది. పొద్దు వాలేసరికి ఆ చల్లగాలి కొండ దిగి తీరంలోని పేటల్లోకి వచ్చేది. జాలారిపేటలో జనం మళ్లీ ఆరుబయట మంచాలు వేసుకున్నారు.

అన్ని కోట్ల రేకులను మనుషులు తిప్పలేరు. ఆ పని చేసే కృత్రిమ మేధకు సహన అని పేరు పెట్టారు. రోప్‌వే నడపడం, దారులు చూసుకోవడం, సందర్శకుల మాట వినడం కూడా దాని పనే. కొండ ఎక్కి దిగినవాళ్లు గేటు దగ్గర ఏం చెప్పినా సహన విని పైడిరత్నానికి అందజేసేది.

మొదటి ఏడాది గేటు దగ్గర వినిపించినవన్నీ తిట్లే.

"ఏటి సలి బాబూ ఇది! మనుసులెల్లే సోటేనా?"

"జారి పడ్డానండీ. చీరంతా తడిసి ముద్దయింది."

"గాలి ముఖానికి కొడతంది. కాసేపు ఆపలేరేటి?"

పైడిరత్నం ఒక్కో ఫిర్యాదునూ తన మీద తగిలిన రాయిలా తీసుకునేది. రోప్‌వే ఇంజినీరు కొరాడ సింహాద్రి ఆమెతో మొదటినుంచీ కలిసి పనిచేసినవాడు, ఆమెకన్నా వయసులో పెద్ద.

"మేడమ్, మనవాళ్లు పెళ్లిభోజనంలో కూడా ఉప్పు తక్కువైందంటారు. అన్నీ మనసులో పెట్టుకుంటే ఎలాగండీ?" అని ఆయన నచ్చజెప్పేవాడు.

"ఉప్పు తక్కువైతే వెయ్యాలి కదా సింహాద్రిగారూ," అనేది ఆమె. తర్వాత సహన తెర వైపు తిరిగి, "నీ లక్ష్యం ఒకటే. ఫిర్యాదులు సున్నా కావాలి," అని చెప్పింది.

సహన ఆ మాటను తూచా తప్పకుండా పాటించింది. నడిచే దారుల పక్కన రేకులను వంచి, మంచు మధ్యలో నడుస్తున్నా ఒంటికి హాయిగా ఉండేలా చేసింది. గాలికి అడ్డుతెరలు లేపింది. బట్టలకు అంటుకోని పొడి మంచును, జారని దారులను తయారుచేసింది. వరసల్లో నిలబడే అవసరం లేకుండా ఎవరు ఎప్పుడు రావాలో ముందే చెప్పేది. నాలుగో ఏడాదికి తెల్లకొండ మీద స్వెట్టర్ అక్కర్లేకపోయింది. ఒక రోజు సహన, "ఈ నెలలో ఒక్క ఫిర్యాదు కూడా లేదు," అని ప్రకటించినప్పుడు పైడిరత్నం అందరికీ మాడుగుల హల్వా తెప్పించి పంచింది.

ఆ తర్వాతే జనం రావడం తగ్గింది.

మొదట ఆమె గమనించలేదు. తర్వాత పరీక్షల కాలం కదా అనుకుంది. బీచ్ రోడ్డులో స్వెట్టర్లవాళ్లు దుకాణాలు ఎత్తేశారని సింహాద్రి చెప్పాక భయం పట్టుకుంది. కెమెరాల్లో చూసింది. వచ్చిన కొద్దిమందీ జేబుల్లో చేతులు పెట్టుకుని, ఎవరి దారిన వాళ్లు నడిచి, ఒక ఫోటో తీసుకుని దిగిపోతున్నారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. సంతోషమూ లేదు. ఆస్పత్రి వరండాలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు.

"ఎందుకు రావడం లేదు సహనా?"

"నాకు తెలియడం లేదు. అందరూ బాగుందనే చెబుతున్నారు."

నగర మండలి అధ్యక్షుడు మజ్జి త్రినాథ్ ఆమెను పిలిపించి మర్యాదగానే మాట్లాడాడు. చంద్రుడి మీదికి సరుకు పంపే గోదాములకు చోటు కావాలి, నల్లరాతి కొండ దానికి సరిగ్గా సరిపోతుంది. జూన్‌లో బహిరంగ సభ పెడతాం, జనం ఏమంటే అదే, అన్నాడు.

"సాయంత్రం పేటల్లోకి వచ్చే చల్లగాలి ఏమవుతుందండీ?" అని అడిగింది పైడిరత్నం.

"ఆ గాలి కొండ మీంచి వస్తోందని జనం మరిచిపోయారమ్మా. కొండ మీదికే రానివాళ్లు కొండ కోసం సభకొస్తారా?"

ఆమె నమస్కారం పెట్టి లేచింది. బయటికొచ్చి మెట్లమీద చాలాసేపు కూర్చుంది. పదిహేనేళ్ల పని. ఒక్క తప్పు కూడా మిగలకుండా దిద్దిన పని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకుంది. సముద్రపు గాలి ఆగిపోయి, ఒడిశా కొండల వైపు నుంచి పొడిగాలి వీచింది. విశాఖ మీద ఎప్పుడూ ఉండే ఆవిరి ఒక్కసారిగా తొలగిపోయి, ఆకాశపు కిటికీ పూర్తిగా తెరుచుకుంది. నింగిపొర అంత బలంగా పనిచేస్తుందని ఎవరూ లెక్క వేయలేదు. సహన రేకులను బోర్లా తిప్పబోయింది. అప్పటికే కాడల కీళ్లలో మంచు గడ్డకట్టి అవి బిగుసుకుపోయాయి.

"ఉష్ణోగ్రత సున్నాకు కింద తొమ్మిది. ఇంకా పడుతోంది," అంది సహన. "రోప్‌వే తీగకు మంచు పట్టింది. ఆపేశాను. పై విశ్రాంతి మందిరంలో అరవైమంది దాకా ఉన్నారు."

సింహాద్రి తీగను వేడిచేసే పనికి పరుగెత్తాడు. పైడిరత్నం చేతికందిన కంబళ్లన్నీ మంచుమీద జారే బండిలో వేసుకుని కొండమీది కంట్రోల్ గదిలోంచి బయటపడింది. మందిరం ఎంతో దూరం లేదు. కానీ గాలి కళ్లు తెరవనివ్వడం లేదు. పల్చటి చొక్కాలతో వచ్చినవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. స్వెట్టర్ అక్కర్లేదని చెప్పింది తనే. వేడికి చచ్చిపోయినవాళ్ల కోసం మొదలుపెట్టిన పని, ఇప్పుడు చలికి ఎవరికైనా ఏమైనా అయితే? తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపల ఏడుపులు వినిపిస్తాయేమోనని చెవి పెట్టింది.

లోపల సంతలా ఉంది.

తలుపు తోసేసరికి వేడి ఆవిరి, అల్లం వాసన, అరుపులు ఒక్కసారిగా మీదికొచ్చాయి. బల్లలన్నీ గోడల వారకు జరిపేశారు. అందరూ మధ్యలో ఒక ముద్దగా కూర్చున్నారు. ఎవరి పిల్లలు ఎవరి ఒళ్లో ఉన్నారో తెలియడం లేదు. క్యాంటీన్ పొయ్యిమీద గంగాళంలో టీ మరుగుతోంది. సూటు వేసుకున్న ఒకాయన తన కోటు విప్పి ఇద్దరు ముసలమ్మలకు కలిపి కప్పి, తను కర్టెన్ చుట్టుకుని నిలబడి, మంచు కన్నా తన ఆఫీసు ఏసీయే నయమని ఉపన్యాసం ఇస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు.

ఆ ముద్దకు నడుమ భారీగా ఉన్న ఒకావిడ కూర్చుని ఉంది. పూర్ణా మార్కెట్‌లో కూరగాయల టోకు వ్యాపారం చేసే దాలమ్మ. ఆవిడ తలుపు వైపు చూసి, "కంబళ్లొచ్చినాయర్రా!" అని కేకేసి, పైడిరత్నాన్ని గుర్తుపట్టింది.

"నువ్వేనేటమ్మా ఈ సలి మిసను ఎట్టింది?"

"అవునండీ. పొరపాటు జరిగింది. నన్ను క్షమించండి. మీ అందరికీ..."

"సెమించడమేటి? ముందిలా రా." దాలమ్మ ఆమె చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టింది. "ఓలమ్మా, సేతులు సూడు, సేపల్లాగున్నాయి. ఒరే, ఈ మేడమ్‌కి టీ ఎయ్యండ్రా. బుద్దుండాలా? ఇంత సలి ఎవులెట్టమన్నారు నిన్ను? ముక్కు ఊడిపోతంది మాకు. ఆ సేతులు ఇలాగియ్యి." అలా తిడుతూనే ఆవిడ పైడిరత్నం అరచేతులను తన అరచేతుల్లో పెట్టుకుని గట్టిగా రుద్దింది. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట కలిపారు. మా ఆయన మీసం గడ్డకట్టిందన్నారొకరు. మా అత్తగారు జన్మలో మొదటిసారి నా పక్కన ఆనుకుని కూర్చున్నారని ఇంకో అమ్మాయి అంటే, ఆ అత్తగారే అందరికన్నా ముందు నవ్వింది.

పొద్దు వాలకముందే సింహాద్రి తీగమీది మంచు కరిగించాడు. రోప్‌వే సిద్ధమని సహన చెప్పింది. ఒక్కరూ లేవలేదు. "టీ అవ్వనియ్యండి," అన్నారు.

మర్నాడు సహన నివేదిక ఇచ్చింది. "నిన్న కొండమీద ఉన్నవాళ్లంతా ఫిర్యాదు చేశారు. కొందరు రెండేసి చేశారు." పైడిరత్నం తలపట్టుకుంది. ఇక సభదాకా ఆగక్కర్లేదు, కొండ పోయినట్టే అనుకుంది.

కానీ ఆ తర్వాతి ఆదివారం దాలమ్మ మెట్రో దిగింది. ఈసారి ఆవిడతో అక్కాచెల్లెళ్లు, మనవలు, మార్కెట్‌లో పక్క కొట్టువాళ్లు ఉన్నారు. కర్టెన్ చుట్టుకున్న సూటాయన భార్యాపిల్లలతో వచ్చాడు. ఆ రోజు మందిరంలో ఉన్నవాళ్లు దాదాపు అందరూ, ముందే అనుకున్నట్టు, అదే వేళకు అక్కడే కలుసుకున్నారు. "ఆ రోజు సలి సూడాల, ఇదేటి సలి!" అని కొత్తవాళ్లకు గొప్పగా చెప్పుకున్నారు.

"రత్నంగారూ, ఇది నాకు అర్థం కావడం లేదు," అంది సహన. "వాళ్లు ఫిర్యాదు చేశారు. మళ్లీ వచ్చారు. ఈ రెండూ పొసగడం లేదు."

పైడిరత్నం చాలాసేపు తెరమీది మనుషులను చూసింది. "పాత రికార్డులు తీసి చూడు. కొండమీద పరిచయం లేని ఇద్దరు మాట్లాడుకున్నప్పుడు మొదటి మాట ఏమిటి?"

జవాబుకు సహనకు క్షణం కూడా పట్టలేదు. "మొదటి ఏడాది దాదాపు ప్రతిసారీ చలి గురించే. అబ్బ ఏం చలండీ అని ఒకరంటే, అవునండీ అని రెండోవాళ్లు అనేవారు. అక్కడినుంచి ఊరు, పేరు, పిల్లల చదువులు. కిందటేడు అలాంటి మొదటి మాటలు లేవు. కాబట్టి రెండో మాటలు కూడా లేవు."

సింహాద్రి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అంటే, నేను ఇబ్బందులన్నీ ఒక్కొక్కటీ తీసేశాను," అంది పైడిరత్నం మెల్లగా. "వాళ్ల దగ్గర పక్కవాళ్లతో చెప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు."

"మేడమ్, ఇన్నేళ్లు పడి బాగుచేసినదాన్ని మళ్లీ మన చేత్తోనే పాడు చేద్దామంటారా?"

"ప్రాణాలకు ముప్పు ఉండకూడదు సింహాద్రిగారూ. కాడల కీళ్లు మళ్లీ బిగుసుకోకుండా చేద్దాం. తీగకు హీటర్లు, ప్రతి మలుపులో మందిరం, కంబళ్లు, టీ. కానీ ముక్కు మాత్రం ఎర్రబడాలి."

"చలి ఎంత పెట్టమంటారు?" అని అడిగింది సహన. "అంకె చెప్పండి."

పైడిరత్నానికి అంకె తోచలేదు. "పక్కవాళ్లతో చెప్పకుండా ఉండలేనంత," అంది.

ఆ పని అనుకున్నంత సులువు కాలేదు. సహనకు తన మొదటి లక్ష్యాన్ని వదులుకోవడం కష్టమైంది. ఎవరైనా వణికితే గబుక్కున రేకు వంచేది. "వద్దు, పక్కాయన శాలువా ఇస్తాడేమో చూడు," అని ఆమె ఆపాల్సి వచ్చేది. మార్చి చివరికి మంచు మళ్లీ బట్టలను తడిపింది. గాలి చెవులు మెలిపెట్టింది. ఒకటి రెండుచోట్ల దారి కాస్త జారింది. బీచ్ రోడ్డులోకి స్వెట్టర్లవాళ్లు తిరిగొచ్చారు. రోప్‌వే దగ్గర వరసలు మొదలయ్యాయి. వరసల్లో గొడవలు, గొడవల్లో బంధుత్వాలు బయటపడ్డాయి.

జూన్‌లో సభ జరిగింది. హాలు పట్టనంత జనం. పైడిరత్నం వెనక వరసలో, సింహాద్రి పక్కన కూర్చుంది. ముందుగా మాట్లాడింది ఒక రిటైర్డ్ మాస్టారు. తెల్లకొండ చలికి తన మోకాళ్లు పట్టేశాయన్నాడు. హాలంతా చప్పట్లు. తర్వాత ఒక ఇల్లాలు తడిసిన చీర సంగతి చెప్పింది. ఇంకా చప్పట్లు. ఒకడు వరసలను తిట్టాడు, ఒకామె గాలిని తిట్టింది, టీలో అల్లం తగ్గిందని ఒకాయన ఆవేశపడ్డాడు. మాట్లాడేవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. పైడిరత్నం సింహాద్రి వైపు వంగింది.

"తప్పు లెక్క వేశామేమో సింహాద్రిగారూ," అంది.

ఆయన వేదిక వైపు చూడమని సైగ చేశాడు.

చివరికి త్రినాథ్ లేచాడు. "నేను పొద్దుటినుంచీ వింటున్నాను. కొండ గురించి ఒక్క మంచిమాట కూడా ఎవరి నోటా రాలేదు. ప్రజల మాటే నా మాట. తెల్లకొండను మూసేసి..."

"ఏటీ?"

దాలమ్మ లేచి నిలబడింది. ఆవిడతోపాటు నాలుగు వరసలు లేచాయి.

"మూసేయమని ఎవులన్నారు?"

"ఇంతసేపూ తిట్టారు కదమ్మా!"

"తిడతాం. మా కొండ, మా సలి. ఇంట్లోవోల్లని తిట్టుకోమేటి? తిట్టినామని వోల్లని తీసుకెల్లి సెంద్రుడి మీదికి అంపేత్తామేటి?"

హాలు కప్పు ఎగిరిపోయినట్టయింది. మోకాళ్ల మాస్టారు కుర్చీ ఎక్కి అరిచాడు. చీర తడిసిన ఇల్లాలు, వచ్చే శ్రావణంలో తన చెల్లెలి నిశ్చితార్థం ఆ కొండమీదే పెట్టుకున్నామని, అడ్డొచ్చినవాళ్ల సంగతి చూస్తామని చెప్పింది. త్రినాథ్ కాసేపు బల్ల చరిచాడు. తర్వాత నీళ్లు తాగాడు. తర్వాత మైకు దగ్గరికి వంగి, "నిజం చెప్పాలంటే, పోయిన వారం మా ఆవిడ బలవంతం మీద నేనూ వెళ్లానండి. దారుణమైన చలి," అన్నాడు. ఆ రోజు అన్నిటికన్నా గట్టి చప్పట్లు ఆ మాటకే పడ్డాయి. గోదాములు వేరే చోటికి పోయాయి.

పైడిరత్నం చెవిలోని పరికరంలో సహన గొంతు వినిపించింది. "రత్నంగారూ, ఈ రోజు వచ్చినన్ని ఫిర్యాదులు ఇంతకుముందెప్పుడూ రాలేదు. అభినందనలు."

ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఆమె ఉద్యోగుల దారిన పోకుండా, అందరితోపాటు వరసలో నిలబడి రోప్‌వే ఎక్కింది. అద్దాల తొట్టిలో ఎదురుగా గజపతినగరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరు మనవరాళ్లు. కొబ్బరిచెట్లు కిందికి దిగిపోయాయి. ఎర్రమట్టి దాటింది. అద్దాలమీద మంచు నక్షత్రాలు కట్టడం మొదలయ్యింది. పెద్దాయన చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"ఎవులో ఆడమనిసంట, ఇది కనిపెట్టింది. కనబడితే అడుగుదును, ఇంత సలి ఎందుకెట్టినావమ్మా అని."

పైడిరత్నం నోరు తెరిచింది. నింగిపొర గురించి, ఆవిరి పట్టిన కిటికీ గురించి, తొమ్మిదేళ్లప్పటి ఎండల గురించి, చెప్పాల్సినవన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. వాటన్నిటినీ మింగేసి, అరచేతులు రుద్దుకుంది.

"అడగాల్సిందేనండీ. మరీ అన్యాయం. నాకైతే కాళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయి."

"కదా!" పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఇలాగొచ్చి కూకోమ్మా. ఒసే, ఆ దుప్పటి ఇటు కాసింత లాగు. ఏ ఊరు మీది?"

ఆమె వాళ్ల మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. దుప్పటి అంచు మోకాళ్ల మీదికి లాక్కుని, ఊరు పేరు చెప్పింది. తొట్టి మంచులోకి ఎక్కుతూ పోయింది. కొండ చివర దాకా ఆ అయిదుగురూ ఒకరితో ఒకరు పోటీపడి చలిని తిట్టుకుంటూనే ఉన్నారు.